పేరు లేని ముక్క

వీపు మీద పుట్టుమచ్చ రంగు మారితే, ఇంట్లో చెప్పకుండా వెళ్లి కోయించుకున్నాను. ఆ ముక్కను పరీక్షించేది మా మనవరాలి పరిశోధన విభాగమే. అక్కడ పేర్లు కనిపించవు, నంబర్లే. నాది పదిహేడు.

నాలుగు రోజులుగా కూర్చుంటే లేవాలనిపిస్తోంది, లేస్తే కూర్చోవాలనిపిస్తోంది. ఇవాళ భోజనాల దగ్గర ఊసుపోక అడిగినట్టే అడిగాను.

"ఏమే, ఈ వారం ఎన్ని క్యాన్సర్లు పట్టుకున్నావు?"

"రెండు."

"అందులో పదిహేడు లేదు కదా?"

చదువుకున్నదాన్నే కానీ, నా నోటికి చదువు అబ్బలేదు.

మనవరాలు గరిటె వదిలేసి గట్టిగా ఊపిరి పీల్చుకుంది.

"పదిహేడా! అది ఉత్త మచ్చే, అమ్మమ్మా. నాలుగు రోజులుగా నువ్వు కుర్చీకి వీపు ఆనించడం లేదు, ఆ పుట్టుమచ్చ కోయించుకున్నావని అప్పుడే పట్టేశాను. ముక్క మా దగ్గరికే వచ్చుంటుందనుకున్నాను గానీ, నీ నంబరేదో తెలియదు. ఆ రెంటిలో ఒకటి నీదేమోనని, నిన్నటినుంచి నాకు ముద్ద దిగితే ఒట్టు!"