మనిషి చెయ్యి పడని నేల

బకెట్లో నీళ్లు చిమ్మి, ఆమె గీసుకుంటున్న కాగితం మీద పడ్డాయి.

నీలం గీతలన్నీ అలుక్కుపోయాయి.

“చూసుకోవాలి కదండీ. పొద్దుట్నుంచీ గీస్తున్నాను.”

“ఆ గుబురు వెనక కూర్చున్నావని చూళ్లేదు తల్లీ. కాస్త జరుగు,” అంటూ ముసలాయన మిగిలిన నీళ్లు కూడా గుంటలో ఒంపేసి వెళ్లిపోయాడు.

ఆ అమ్మాయి ఆర్కిటెక్చర్ చదువుతోంది. ఆఖరి సంవత్సరం. ప్రాజెక్టు కోసం వెతుకుతుంటే, ఊరి నడిబొడ్డున రెండు పెద్ద భవనాల మధ్య వదిలేసిన ఆ జాగా కంటపడింది. విరిగిన సిమెంటు పెళ్లల సందుల్లోంచి ఏపుగా గడ్డి. గడ్డి మీద తూనీగలు. పల్లంలో నీటిగుంట, గుంట నిండా కప్పలు.

ప్రాజెక్టుకి ‘మనిషి చెయ్యి పడని నేల’ అని పేరు పెట్టింది. మనం అడ్డు రాకపోతే నేల తన గాయం తనే మాన్పుకుంటుందని ఆమె వాదన.

మేష్టారికి ఆ పేరు తెగ నచ్చింది.

“అక్కడ మనిషి ప్రమేయం లేదని చూపించు చాలు. నీకు తిరుగుండదు.”

చిక్కల్లా ఆ ముసలాయనతోనే.

జాగా మూల రేకు కింద ఉంటాడు. ఎక్కడివో మురికినీళ్లు తెచ్చి గుంటలో పోస్తాడు. ఎండుటాకులు మూటలు కట్టి తెచ్చి కుమ్మరిస్తాడు. ఏ ఫొటో తీసినా ఓ పక్కన కంట్లో నలుసులా ఆయనే.

“ఇక్కడ చెత్త పోయకూడదండీ. కప్పలు చచ్చిపోతాయి.”

“చచ్చిపోతాయా?” అని ఆయన చిన్నగా నవ్వాడు. “ఏం గీస్తున్నావో చూడొచ్చా?”

ఇష్టం లేకపోయినా చూపించింది. ఆయన చాలాసేపు చూశాడు. వేలు కాగితానికి తగలనివ్వకుండా ఒకచోట ఆపాడు.

“ఇదేమిటి?”

“గట్టు మీద చిన్న మేడ. జనం పైనుంచి చూడ్డానికి.”

“కింద మట్టి ఎలాంటిదో చూశావా?”

“అవన్నీ తర్వాత ఇంజనీర్లు చూసుకుంటారండీ.”

“అందరం అలాగే అనుకుంటాం,” అని కాగితం తిరిగిచ్చేశాడు. చాదస్తం అనుకుందామె.

ఆ వారమే మున్సిపాలిటీకి ఫోను చేసింది. మతి స్థిమితం లేని ఓ పెద్దాయన ఖాళీ జాగాలో చెత్త పోస్తున్నాడని చెప్పింది.

వ్యాను వచ్చింది.

“ఆశ్రమంలో వేళకింత తిండి పెడతారు, పదండి,” అన్నారు వాళ్లు.

ఆమె మనసు కూడా తేలికపడింది. ఒకందుకు మంచి పనే చేశాననుకుంది.

ఆయన పెనుగులాడలేదు. “ఎండలు తగ్గేదాకా ఉండనివ్వండి బాబూ,” అని మాత్రం అన్నాడు. ఎందుకని ఎవరూ అడగలేదు.

వ్యాను ఎక్కుతూ ఆమె వైపు తిరిగాడు.

“నువ్వొస్తుంటావుగా తల్లీ?”

ఆశ్రమానికి రమ్మంటున్నాడనుకుని, మాటవరసకి తలూపింది.

తర్వాత రెండు నెలలు గదిలో కూర్చుని బొమ్మల పనిలో మునిగిపోయింది. జాగా వైపు వెళ్లనేలేదు. పరీక్షకి వచ్చినవాళ్లు స్థలం చూస్తామంటే, మేష్టారితో కలిసి వెంటబెట్టుకుని తీసుకెళ్లింది.

వీధి మలుపులోనే కుళ్లు వాసన కొట్టింది.

గుంట నెర్రెలు విచ్చింది. నెర్రెల్లో కప్పలు చెప్పుముక్కల్లా ఎండిపోయి ఉన్నాయి. గడ్డి తాకితే పొడి అవుతోంది.

“ఇదేనా?” అన్నారు మేష్టారు.



గోడ పక్కన బట్టలు కుట్టే కొట్టు ఉంది. అందులోంచి ఒకావిడ తల బయటపెట్టింది.

“పెద్దాయన్ని పంపించేశారుగా. ఇంకెవరు పోస్తారు నీళ్లు?”

“అవి మురికినీళ్లు కావా అండీ?”

“మా కుళాయి నీళ్లమ్మా. ఇక్కడ ఒక్క గడ్డిపరక ఉండేది కాదు. ఉన్నవన్నీ ఆయన తెచ్చి నాటినవే. ఓసారి సంచిలో కప్పల్ని పట్టుకొచ్చాడు. పిచ్చోడనుకుని నవ్వుకున్నాం.”

మేష్టారు పిలుస్తున్నా వినిపించుకోకుండా ఆమె ఆశ్రమానికి పరుగెత్తింది.

“పోయి చాలా రోజులైంది,” అంది అక్కడి నర్సు. “ముద్ద దిగేది కాదు. కిటికీ దగ్గర నిలబడి ఎండ వంక చూస్తూ ఉండేవాడు. నువ్వేమవుతావు ఆయనకి?”



ఆ కబురు చెప్పడానికి ఇంకెవరూ లేక, కుట్టుకొట్టు దగ్గరికే తిరిగొచ్చింది.

“పోయారటండీ.”

మిషను ఆగింది. ఆవిడ కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకుంది.

“అంతకుముందు ఇక్కడ ఏముండేదండీ?”

“అయిదంతస్తుల బిల్డింగు. చాలా ఏళ్ల కిందట, జనం దిగిన ఏడాదికే కూలిపోయింది. కింద నేల కుంగిందన్నారు. మా అన్నా వదినా, పిల్లలూ అందులోనే ఉన్నారు.”

“పెద్దాయనవాళ్లు కూడా ఉన్నారా?”

“ఆయనవాళ్లెవరూ లేరు అందులో.”

“మరి ఇన్నేళ్లూ ఇక్కడే ఎందుకున్నారు?”



“మొదట్లో నేనే తరిమాను. రాళ్లు కూడా వేశాను. దెబ్బలు తిన్నాడుగానీ కదల్లేదు. కాలవ నుంచి నీళ్లు మోసుకొచ్చేవాడు. చూసి చూసి, చివరికి మా కుళాయి నేనే చూపించాను.”

కిటికీలోంచి ఎండిన గుంట కేసి చూస్తూ ఆవిడ నెమ్మదిగా అంది:

“ఆ బిల్డింగు గీసింది ఆయనేనమ్మా.”