చర్చి వెనక రెండు గదులు

“నిలువు ఏడు ఎవరు నింపారు?”

పొద్దున్నే పేపర్లో గళ్ళనుడికట్టు తెరిచి పట్టుకుని హెడ్మాస్టారు వంటింటి గుమ్మంలో నిలబడ్డారు.

“నేనే,” అంది నర్సమ్మ, పాలగిన్నె దించుతూ. “మీకు తెలియక వదిలేశారు కదా అని.”

“తెలియక కాదు. కాఫీ తాగాక నింపుదామని.”

“రోజూ అలాగే ఆగిపోతుంటారు పాపం.”

“అదీ పెన్నుతో! పెన్సిలు లేదూ ఇంట్లో?”

“తప్పయితే కదా చెరపడానికి.”

ఆయన బడి నుంచీ, ఆవిడ ఆసుపత్రి నుంచీ రిటైరై చాలా ఏళ్ళయింది. ఉద్యోగాలున్నప్పుడే నయం, కాస్త తీరిక ఉండేది. ఇప్పుడు శనివారం వస్తే చర్చి పనులతో ఊపిరాడదు. ఇవాళ వాటన్నిటికీ తోడు ఇంకో గండం. రాత్రి భోజనాల దగ్గర పిల్లలకు సంగతి చెప్పాలి. వాళ్ళు వద్దంటే అంతా అక్కడితో ఆగిపోతుంది.

“మీరే చెప్పండి,” అంది ఆవిడ గొంతు తగ్గించి. “నలభై ఏళ్ళు పాఠాలు చెప్పినవారు.”

“నొప్పి తెలియకుండా సూది గుచ్చేది మీరు. మీరే చెప్పాలి.”

తొమ్మిదింటికి చర్చిలో ఉన్నారు. ఆవిడ పూలకూజాల్లో నీళ్ళు మార్చింది. ఆయన పాటల పుస్తకాలకు ఊడిన అట్టలు అంటించారు. పాస్టరుగారు వచ్చి పక్కన కూర్చున్నారు.

“ఇంట్లో చెప్పారా మాస్టారూ?”

“ఈ అట్టలు ఆరగానే.”

“అవి ఆరేలోపు ఆదివారం వచ్చేస్తుంది. పిల్లలిద్దరూ సరేనంటేనే రేపు ఆరాధనలో చదువుతాను. తర్వాత నా మీద పడితే నేనేం చెయ్యను?”

చర్చి వెనక రెండు గదులకు కొత్తగా సున్నం వేశారు. ఇద్దరూ వెళ్ళి చూశారు. కుర్చీ కిటికీ దగ్గర వెయ్యాలని ఆయన, ఎండకు రంగు పోతుందని ఆవిడ. ఇంకా కుర్చీ కొననే లేదు.

మధ్యాహ్నం, ఆ వీధికి కొత్తగా వచ్చిన దర్జీ ఇంటికి వెళ్ళారు. అతనికి కాలు విరిగింది. ఆవిడ కట్టు మార్చింది, ఆయన బైబిలు చదివారు.

“మీ ఆయన భలే చదువుతారమ్మా,” అన్నాడు దర్జీ. “పక్కింటివాళ్ళక్కూడా రక్షణ దొరికేట్టుంది.”

“ఇక్కడే ఈ గొంతు. ఇంట్లో పిల్లల ముందు లేవదు,” అని నవ్వేసింది నర్సమ్మ.

సాయంత్రం పాటల సాధన. ఆయన శ్రుతి తప్పారని ఆవిడ, ఆవిడే ముందు ఎత్తుకుందని ఆయన. పియానో టీచరమ్మ వాయించడం మానేసి చేతులు కట్టుకుని కూర్చుంది.

రాత్రయింది. అమ్మాయి వడ్డిస్తోంది. అబ్బాయి ఫోను చూస్తూ తింటున్నాడు. హెడ్మాస్టారు మూడుసార్లు దగ్గారు.

“నీళ్ళు కావాలా నాన్నా?”

“వద్దమ్మా. మేం... చర్చి వెనక గదుల్లోకి మారిపోదామనుకుంటున్నాం.”

అమ్మాయి చేతిలో గరిటె ఆగిపోయింది.

“ఇక్కడేం తక్కువైంది నాన్నా మీకు?”

“అమ్మా, ఈ వయసులో వేరు కాపురమేంటి?” అబ్బాయి ఫోను బోర్లించాడు. “మీ ఇద్దరికీ క్షణం పడదు. అక్కడ తగువు తీర్చేదెవరు? అసలెందుకిదంతా?”

హెడ్మాస్టారు కలిపిన అన్నాన్నే మళ్ళీ కలిపారు. నలభై ఏళ్ళ పాఠాల్లో ఒక్క మాటా పనికి రాలేదు.

నర్సమ్మ గ్లాసెడు నీళ్ళు తాగి, అబ్బాయినీ అమ్మాయినీ మార్చి మార్చి చూసింది.

“మీరిద్దరూ పెళ్ళి చేసుకున్న పుణ్యమా అని ఏడేళ్ళుగా వియ్యాలవారిగా ఒకే ఇంట్లో పోట్లాడుకుంటున్నాం, ఇకమీదట మొగుడూ పెళ్ళాలుగా పోట్లాడుకుందామని నిశ్చయించుకున్నాం, మీరు సరేనంటే రేపు పాస్టరుగారు చదివేది మా పెళ్ళి ప్రకటనే.”