అరలో పావులు ఎన్ని?

బోర్డు మీద ‘అకరణీయ సంఖ్యల భాగహారం’ అని ఉంది. దాని కింద మొదటి లెక్క: అరని పావుతో భాగించుము.

లెక్కల మాస్టారు సెలవు. హెడ్మాస్టరు హడావుడిగా తెచ్చి వదిలివెళ్లిన కొత్త మేడం, చేతిలో సుద్దముక్కతో ఆ లెక్క వంకే చూస్తూ నిలబడిపోయింది. నలభై దాటిన మనిషికి చెమటలు పడుతున్నాయి.

“జవాబు రెండు, మేడం,” అన్నాడు క్లాసు లీడరు.

“రెండెలా వస్తుంది బాబూ? ఉన్నదే అర. భాగిస్తే తగ్గాలి గానీ పెరుగుతుందా?”

“రెండోదాన్ని తిరగేసి గుణించాలి మేడం.”

“ఎందుకు తిరగెయ్యాలి?”

లీడరు పుస్తకం తిరగేసి చూశాడు.

“సార్ తిరగెయ్యమన్నారు మేడం.”

క్లాసంతా గొల్లుమంది.

చివరి బెంచీలో ‘సున్నా’ ఒక్కతే నవ్వలేదు. ఆ పిల్ల అసలు పేరు అందరూ ఎప్పుడో మరిచిపోయారు. రేపటి పరీక్ష తప్పితే కింది తరగతిలో, సొంత తమ్ముడి పక్కన కూర్చోవాలి. ఈ తిరగెయ్యడం ఎందుకో తనకీ తెలియదు. అడిగితే నవ్వుతారని ఏనాడూ అడగలేదు.

ఇప్పుడు పెద్దావిడే అడుగుతోంది.

సున్నా ఓ కాగితాన్ని సగానికి చింపింది. ఆ సగాన్ని మళ్లీ మడిచి లేచింది.

“మేడం, అరలో పావులు ఎన్నున్నాయని అడుగుతున్నారేమో. ఇవిగో, రెండు.”

మేడం ముఖం విప్పారింది.

“అమ్మ నా తల్లీ! మరి రెండో లెక్కలో అరకి ముందు మైనస్ ఉందే?”

సున్నా బుర్ర గోక్కుంది.

“అర మీటరు లోతు గొయ్యి అనుకోండి. పావు మీటరు చొప్పున తవ్వితే రెండుసార్లు. తవ్వింది కిందికి కదా, మైనస్ రెండు.”

“ఆగాగు, మళ్లీ చెప్పు.”

మళ్లీ చెప్పింది. ఇంకోసారి చెప్పింది. ఈసారి తడుముకోలేదు.

గోల విని హెడ్మాస్టరు వచ్చాడు.

“సార్, మేడంకి లెక్కలు రావు! సున్నా పాఠం చెప్తోంది!” అన్నాడు లీడరు.

ఆయన ఆవిణ్ణి వరండాలోకి పిలిచాడు.

“నిజమేనా అమ్మా?”

“ఇప్పుడిప్పుడే తెలుస్తోందండీ. ఇంకాసేపు ఉండనిస్తే...”

“ఇల్లు కాలుతుంటే నుయ్యి తవ్వినట్టుంది మీ వరస. మీరిక రానక్కర్లేదు.”

ఆవిడ సుద్దముక్క ఆయన చేతిలో పెట్టి, నమస్కారం చేసి వెళ్లిపోయింది.

మర్నాడు సున్నా పాసయింది. ప్రతి లెక్క పక్కనా ‘ఎందుకంటే’ అని రాసి మరీ పాసయింది.

“నీకెవరు నేర్పారే?” అని అడిగాడు హెడ్మాస్టరు.

“మేడం నేర్పారు సార్.”

“ఆవిడకే రాదన్నారుగా?”

“రాదు సార్. కానీ ఆవిడే నేర్పారు.”

హెడ్మాస్టరుకి తల తిరిగింది. అయితే రానట్టు నటించిందన్నమాట! అలాంటి టీచర్నా తాను పొమ్మన్నది? వెంటనే టీచర్లని పంపే ఆఫీసుకి ఫోన్ చేశాడు.

“నిన్నటి మేడంనే మళ్లీ పంపండి.”

“మేమింకా ఎవర్నీ పంపలేదండీ.”

ఆయన అయోమయంగా గేటు దగ్గరికి నడిచాడు.

“నిన్న వచ్చినావిడ ఎవరోయ్?”

“పెద్దవాళ్లని కూడా చదువులో చేర్చుకుంటారేమో కనుక్కుందామని వచ్చింది సార్,” అన్నాడు వాచ్‌మన్, “మీరు బోర్డు ముందు నిలబెట్టి పరీక్ష పెడితే, లెక్క రాక ఫెయిలయ్యానని చెప్పి వెళ్లిపోయింది.”