గుంట నిండా ఐసు

"నా కొరమీన్లు! అయ్యో, నా కొరమీన్లు!"

పెద్ద చప్పుడు విని రోజారమణి వంటింట్లోంచి పెరట్లోకి పరిగెత్తుకొచ్చేసరికి కంచె నేలమట్టమై ఉంది. మైపాడు పడవలకు ఐసు తీసుకెళ్ళే వ్యాను రోడ్డు దిగి, కంచెను తొక్కేసి, ముందు చక్రాలు ఆమె చేపల గుంటలో పెట్టి పక్కకు ఒరిగిపోయింది. అందులోని ఐసు దిమ్మలన్నీ జారి నీళ్ళలో పడ్డాయి. అసలే చిన్న గుంట. దిమ్మలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ నీళ్ళు కనపడకుండా మూసేశాయి. పుష్యమాసపు గాలికి వాటి మీంచి తెల్లగా ఆవిరి లేస్తోంది.

వ్యాను తలుపు పక్కన, నడుం లోతు నీళ్ళలో ఒక కుర్రవాడు నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, కొత్త ప్యాంటు.

"కళ్ళు యాడ పెట్టుకోని తోల్తావయ్యా నువ్వు? అంత రోడ్డుండంగా నా గుంటే దొరికిందా నీకు?"

"అక్కా, అది కాదు..."

"ఏంది కాదు? కొరమీను పైకొచ్చి గాలి తీసుకోకపోతే చచ్చిపోద్ది, తెలుసా? అన్నీ ఆ దిమ్మల కిందే ఉండాయి. అసలే చలికి నాలుగు రోజులుగా సరిగ్గా మేత తినడంలేదు అవి!"

కుర్రవాడు ఏదో చెప్పబోయాడు. గుంట వైపు చూసి ఆగిపోయాడు. చొక్కా చేతులు పైకి మడుచుకుని, దగ్గరున్న దిమ్మను రెండు చేతులతో పట్టుకున్నాడు.

"ముందు తీద్దాం. ఒక చెయ్యి వెయ్యక్కా."

రోజారమణి చీర కుచ్చెళ్ళు దోపుకుని నీళ్ళలోకి దిగింది. చల్లదనం ఎముకల్లోకి పాకింది. దిమ్మ ఒడ్డుదాకా వచ్చినట్టే వచ్చి, చేతుల్లోంచి జారి మళ్ళీ నీళ్ళలోకే పోయింది. కుర్రవాడు చుట్టూ చూసి, కొబ్బరి చెట్టుకు ఆనించి ఉన్న గడ్డపార అందుకున్నాడు.

"పగలగొట్టొద్దు!" ఆమె అతని చెయ్యి పట్టి ఆపింది. "ఆ అదురుకే సగం చేపలు చస్తాయి. ఏమీ తెలీదు, వచ్చి నా ప్రాణానికి దొరికినావు!"

కేకలు విని పక్కింటి ముత్యాలయ్య వచ్చాడు. వయసు మీద పడి సముద్రం మీదికి పోవడం మానేసినా వలలు అల్లడం మాత్రం మానలేదు.

"చూడు మామా, ఈ డ్రైవరు చేసిన పని!"

"తిట్టేది తర్వాత తిట్టుకోవచ్చులే తల్లీ. ఉండు, వల తెస్తా."

వల వచ్చింది. వీధిలో ఉన్న నలుగురూ వచ్చారు. దిమ్మల కింది నుంచి వల అంచు అవతలి ఒడ్డుకు చేరాలి. ఎవరు మునగాలి? అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకునేలోపే కుర్రవాడు వల కొస పట్టుకుని ఐసు కిందికి మునిగాడు. అవతలి పక్క తేలేసరికి అతని పెదాలు నీలంగా ఉన్నాయి.

"లాగండ్రా!" అని అరిచాడు ముత్యాలయ్య. దిమ్మలు గుంపుగా ఒడ్డెక్కాయి. "ఇన్నేళ్ళు వేటాడినా గానీ ఐసును పట్టింది ఈరోజే!"

ఎవరో నవ్వారు. రోజారమణి నవ్వలేదు.

"ఆ మూల ఇంకా ఉండాయి, కనపడలా? బండి తోలినట్టే పనీ చేస్తావా?"

కుర్రవాడు ఆ మూలకు పోయాడు.

ఐసంతా ఒడ్డెక్కాక ఆమె బోరు మోటారు వేసింది. గోరువెచ్చటి నీళ్ళు పైపులోంచి దూకాయి. కుర్రవాడు ఇంకా నీళ్ళలోనే నిలబడి, ఆ వెచ్చదనాన్ని రెండు చేతులతో గుంట నలుమూలలకూ తోస్తున్నాడు. మిగతావాళ్ళు ఒడ్డున నిలబడి నీళ్ళకేసి చూస్తున్నారు.

రెండు చేపలు తెల్లటి పొట్టలతో తేలాయి. మిగతావాటి జాడ లేదు.

రోజారమణి గట్టు మీద కూలబడింది. "వేలంత పిల్లలప్పటినుంచి సాకినా మామా. నా కాలి చప్పుడు వింటే పైకొచ్చేవి."

ముత్యాలయ్య వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు.

గుబుక్కుమంది.

పైపు పక్కన నల్లటి తల ఒకటి పైకి లేచి, నోరు తెరిచి గాలి మింగి, మళ్ళీ మునిగింది. దాని వెనకే ఇంకొకటి. తర్వాత గట్టు వారన మూడు ఒక్కసారే. కాసేపటికి గుంటంతా గుబగుబలాడింది. రోజారమణి ఏడుస్తోందో నవ్వుతోందో ఆమెకే తెలియలేదు.

అప్పుడు చూసింది ఆ కుర్రవాడిని. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. మోచెయ్యి చీరుకుని రక్తం కారుతోంది. ఇంట్లోకి పరిగెత్తి మొగుడి లుంగీ, దుప్పటి, పొగలు కక్కే టీ తెచ్చింది.

"తాగు నాయనా. పేరేంది?"

"మధుబాబు, అక్కా. మా ఊరు కోట."

"నోటికొచ్చినట్టు తిట్టినా. మనసులో పెట్టుకోబాక." ఆమె గొంతు మెత్తబడింది. "మీ ఓనరు నిన్ను పనిలోంచి తీసేస్తానంటే నేనూ మామా వచ్చి మాట్లాడతాం. తప్పు ఎవరైనా చేస్తారు. ఇంకొకడైతే బండి వదిలేసి పారిపోయుండేవాడు. నువ్వు నిలబడినావు చూడు, అది చాలు."

మధుబాబు టీ గ్లాసును రెండు చేతుల మధ్య పట్టుకుని సిగ్గుగా నవ్వాడు.

"పారిపోయినాడక్కా. మీరు రాకముందే ఆ డ్రైవరు దూకి పారిపోయినాడు. లోపల ఇంకెవరన్నా ఉండారేమోనని దిగినా. నేను నెల్లూరు బస్సు కోసం నిలబడుండినా."