పీతత్త గుమ్మంలో మడమొక్కలు

ఏరు సముద్రంలో కలిసే చోట ఇసుక మేటవేసింది. పడవలు రావడం మానేశాయి, చేపలూ తగ్గిపోయాయి. వీరాస్వామి అనే కొంగ బోర్లించిన పడవ మీద కూర్చుని, "ఇక్కడ బతుకు లేదు" అని రోజూ నిట్టూర్చేది.

మంగాయమ్మ అనే పీత మాత్రం ఉప్పునీటి మడచెట్ల నుంచి రాలిన మడకాయలు ఏరి, తర్వాత తిందామని తన బొరియ ముందు బురదలో గుచ్చి దాచుకుంది. తినేలోపే అవి మొలిచి గుమ్మం మూసేశాయి.

"ఇంట్లోకి దారే లేదు, పీకేస్తా!" అని డెక్కలెత్తింది.

అప్పుడే మొక్కల మొదళ్లలో చేపపిల్లలు తళుక్కుమన్నాయి. కొంగ ఒక్క ఉదుటున దూకింది.

"అత్తా, పీకకు! నీకు కొత్త బొరియ నేను తవ్వుతా!"

రొప్పుతూ తవ్వి, వెంటనే చేపల మీదికి ముక్కు చాపింది. పీత డెక్కతో కొంగ కాలు గిల్లింది.

"వాటిని ఎదగనీ అల్లుడూ. ఈలోగా ఆ పక్క ఇంకో వరస గుచ్చు."

కొంగ గొణుక్కుంటూనే మడకాయ అందుకుంది.