వరస ఆట

"తాడు వదలకండి! వదిలితే అంతే సంగతులు!" బడి డాబా మీద నిలబడి అరిచాడు ప్రకాశరావు. అతని అరుపు అతనికే వినపడలేదు.

ఉప్పెన. పొద్దు గుంకకముందే దివిసీమంతా చీకటైపోయింది. డాబా మెట్లు ఒక్కొక్కటే మునుగుతున్నాయి. చేంతాడు పట్టుకుని ఏడుగురు. ఆ చివర బావమరిది తోమాసు కూతుళ్లు రూతు, ఎస్తేరు. మధ్యలో ఆడవాళ్లు. ఈ చివర ప్రకాశరావు, అతని పక్కన మెట్ల దగ్గర తోమాసు. పక్కమనిషి తప్ప ఎవరికీ ఎవరూ కనపడటం లేదు.

ప్రకాశరావుది గుడివాడ. మద్రాసులో కంప్యూటరుకి కొత్త భాష తయారుచేసే ఉద్యోగం. సెలవుకి అత్తారింటికొచ్చినా బుర్రలో అదే పురుగు. పిల్లల్ని బల్ల మీద వరసగా కూర్చోబెట్టి ఆ భాషని వాళ్లమీద పరీక్షించేవాడు. మధ్యలో ఒకర్ని తీసేస్తే వెనకవాళ్లు ముందుకు జరగాలా, ఖాళీ అలాగే ఉండాలా? "తిరగెయ్" అంటే ఉన్న వరసే మారాలా, మరో వరస తయారవ్వాలా? మాట వినగానే పసిపిల్లకైనా ఏం చెయ్యాలో తెలియాలని అతని పట్టుదల.

"మద్రాసులో మనుషులు లేరా, నా మేనకోడళ్లే దొరికారా?" అని భార్య దయామణి వేళాకోళం చేసేది. రూతు మాత్రం ఇట్టే పట్టేసింది.

ఆ ఆటే ఇప్పుడు అక్కరకొచ్చింది. "పలుకు" అంటే ఆ చివర నుంచి ఒక్కొక్కరూ తమ ముందువాళ్లు చెప్పిన దాని తరవాతి అంకె చెప్పాలి.

"వరసా, పలుకు!" గొంతు చించుకున్నాడు ప్రకాశరావు. ఆ మాటని పక్కవాళ్లు ఒకరికొకరు ఆ చివరిదాకా అందించారు.

ఆ చివరి గొంతుల్ని గాలి మింగేసింది. దయామణి "నాలుగు" అంది. ప్రకాశరావు "అయిదు" అన్నాడు. తోమాసు "ఆరు" అన్నాడు.

ప్రకాశరావుకి పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఆరేంటి బావా? ఏడుగురం కదా!" తోమాసు అరిచాడు. "పిల్లలు... ఆ చివర పిల్లలు..."

మళ్లీ పలకమనబోయాడు ప్రకాశరావు. అంతలో కింద నీళ్లలో తెల్లగా ఏదో తేలింది. గౌనులా ఉంది.

"రూతూ!"

తోమాసు తాడు వదిలేశాడు. దూకిన చప్పుడు కూడా వినపడలేదు.

ప్రకాశరావు ఒక్కొక్కరినీ తడుముకుంటూ తాడు వెంట ఆ చివరికి పాకాడు. ఎస్తేరు చెయ్యి తగిలింది. దాని పక్కన, తాడుని రెండు చేతులా బిగించి పట్టుకుని, రూతు.

"ఉన్నావా తల్లీ! మరి ఎందుకు పలకలేదే?"

రూతు వెక్కుతూ అంది: "పలికాను మావయ్యా, వరసలో మొదటివాళ్లు సున్నా అనాలని నువ్వేగా నేర్పావు, సున్నా అని గట్టిగానే అరిచాను."