వెనక వరసాయన

ఉదయం ఆట అయిపోయి హాల్లో లైట్లు వెలిగాయి.

ఉన్న పదిమందీ లేచారు, ముందు వరసలో ఒకమ్మాయి తప్ప.

వెనక వరసలోంచి నెరిసిన గడ్డం మనిషొకాయన మెల్లగా వచ్చి, ఆమెకి రెండు సీట్లు ఇవతల కూర్చున్నాడు.

"తొందరేం లేదమ్మా. నేనూ కూర్చుంటాను."

గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్న సినిమా విలేఖరికి నవ్వొచ్చింది.

ఆ సినిమా డిప్రెషన్‌తో మంచం దిగలేని ఓ గుమస్తా కథ. పాటల్లేవు, ఫైట్లు లేవు. "చూసొచ్చినవాళ్ళు మంచమెక్కడం ఖాయం" అని రాసి విలేఖరి రెండు స్టార్లిచ్చాడు. పోటీ పేపరు నాలుగిచ్చి ఆకాశానికెత్తింది. అసలు జనం ఏమంటున్నారో కనుక్కురమ్మని ఎడిటరు అతన్ని మళ్ళీ తరిమాడు.

మర్నాడు వెళ్తే మళ్ళీ ఆయనే. ఈసారి కళ్ళు తుడుచుకుంటున్న ఓ బట్టతల మనిషికి టీ ఇప్పిస్తున్నాడు.

"రోజూ వస్తాడా?" టికెట్లు చింపే అతన్ని అడిగాడు విలేఖరి.

"మొదటి రోజు నుంచీ. తెరకేసి చూడడు సార్, జనాన్ని చూస్తాడు."

విలేఖరికి విషయం అర్థమైపోయిందనిపించింది. నేరుగా వెళ్ళి, తన పేపరు పేరు చెప్పి అడిగేశాడు.

"మీరు నిర్మాత మనిషేనా?"

"కాదు బాబూ."

"మరి ఇన్నిసార్లు చూడ్డానికి అందులో ఏముంది?"

"సాగదీశాడు, మీరు రాసింది నిజమే. కానీ కొందరు ఇది చూసి లేవలేకపోతున్నారు. అలాంటివాళ్ళు ఒంటరిగా వెళ్ళకూడదు."

"డైలాగు బాగుంది. ఎవరు రాసిచ్చారు?"

ఆయన మళ్ళీ బట్టతల మనిషివైపు తిరిగాడు.

మర్నాడు పేపర్లో ఆయన ఫొటో పడింది. పైన పెద్దక్షరాలు: "ఓదార్చడానికి కిరాయి మనిషి". ఆఫీసులో అందరూ విలేఖరి భుజం తట్టారు.

ఆ రోజు హాల్లో ఎవరో ఆయన్ని గుర్తుపట్టి ఈల వేశారు. ఇంకెవరో "రోజుకెంతిస్తారు తాతా?" అన్నారు. ఆయన లేచి బయటికి నడిచాడు. మళ్ళీ రాలేదు. శుక్రవారం సినిమా కూడా ఎత్తేశారు.

ఆదివారం మధ్యాహ్నం విలేఖరి భోంచేస్తుంటే తమ్ముడు వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. ఉద్యోగం పోయాక నెలల తరబడి తలుపేసుకున్నవాడు, ఈమధ్యే ఎవరో డాక్టరు దగ్గరికి వెళ్ళొస్తున్నాడు. గడ్డం గీసుకున్నాడని అమ్మ తెగ సంబరపడింది.

వాడి చేతిలో ఆ పేపరుంది.

"అన్నయ్యా, ఈయన ఎక్కడుంటారో తెలుసా?"

"తెలీదు. ఏం?"

"హాలుకెళ్ళి అడిగాను. పేరు కూడా ఎవరికీ తెలీదట. ఫొటో వేసింది నువ్వే కదా, నీకు తెలుస్తుందనుకున్నా."

"ఆయనతో నీకేం పనిరా?"

"మందులు మానకుండా వేసుకుంటున్నానని చెప్పాలి."



"ఆయనకెందుకు చెప్పాలి?"

తమ్ముడు పేపరు జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఆ రోజు సినిమా అయ్యాక నేను ఇంటికి తిరిగి రాదల్చుకోలేదన్నయ్యా, పక్కన కూర్చుని, డాక్టరుకి చూపించి, మన గుమ్మందాకా దిగబెట్టి వెళ్ళింది ఆయనే."